ఆవుల పేర్ల రిజిస్టరు

మద్రాసు నుంచి వచ్చిన కార్డులో ఉన్నవి మూడే ముక్కలు. పుంగనూరు ఆరోగ్య సేవా సంఘం వారి దరఖాస్తు అలమేలమ్మ ఆరోగ్య నిధికి అందింది. క్షయరోగుల కోసం ఎనిమిది మంచాల పాక కట్టించే విషయమై తమ ఉద్యోగి గురువారం నాడు వచ్చి విచారిస్తారు. రిజిస్టరు సిద్ధంగా ఉంచాలి. పోయిన వారం ఆ కార్డు పట్టుకుని సంఘం అధ్యక్షుడు జ్ఞానప్రకాశం అయ్యవారు తన డెబ్భై ఏళ్ళ వయసు మరిచిపోయి నర్సు దయామణి గడప దాకా పరుగున వచ్చాడు. దయామణి దాన్ని రెండుసార్లు చదివి బైబిల్లో పెట్టుకుంది. అప్పట్నుంచీ ఆమెకు అన్నం సరిగా దిగలేదు.

సంఘమంటే ఏ యాభైమందో ఉంటారనుకునేరు. కాగితం మీద ఏడుగురు. మీటింగుకు వచ్చేది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన కాఫీ కోసం వచ్చేవాడు. యుద్ధంలో కాఫీగింజలు కరువయ్యాక మానేశాడు. పని చేసేది దయామణి ఒక్కతే. మిషన్ ఆసుపత్రిలో నర్సుపని నేర్చి, ఆరేళ్ళ కింద ఈ ఊరు వచ్చి, దగ్గే మనుషులను వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగిన మనిషి. మదనపల్లె శానటోరియంలో మంచం దొరకాలంటే నెలల తరబడి కాచుకోవాలి. ఆ లోపల రోగిని ఇంట్లో ఉంచుకోలేరు, వీధిలో పెట్టలేరు. పెరట్లో దూడల కొట్టంలో ఒక మూల చాప వేస్తారు. అలాంటి చాపలు ఈ కార్తీకమాసానికి ఊళ్ళో ఎనిమిది ఉన్నాయి. ఎనిమిది మంచాలు అడిగింది అందుకే.

గురువారం రానే వచ్చింది. పది గంటల బస్సు పదకొండున్నరకు వచ్చింది. యుద్ధం ముగిసి ఏడాది దాటినా ఆ బస్సుకు పెట్రోలు యోగం పట్టలేదు. బొగ్గుపొయ్యి వీపున కట్టుకుని, ఎత్తు వచ్చినచోటల్లా జనాన్ని దింపి నడిపిస్తూ, కుప్పం నుంచి పలమనేరు మీదుగా ఈసురోమంటూ వస్తుంది. అందులోంచి దిగిన ప్రసాదరావు తెల్లకోటు బూడిదరంగుకు తిరిగింది. యాభై ఏళ్ళ సన్నటి మనిషి. కళ్ళజోడు, గొడుగు, తోలుసంచి. అయ్యవారి ఇంటి వసారాలో ముఖం కడుక్కుని, దయామణి ఇచ్చిన మజ్జిగ తాగి, బెంచీ మీద కూర్చుని, వానల సంగతి గానీ పంటల సంగతి గానీ ఎత్తకుండా "రిజిస్టరు" అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి ఎలాంటివాడోనని అయ్యవారు ఉత్తరీయం సర్దుకున్నాడు.

ప్రసాదరావు మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ చూశాడు. సంచిలోంచి దరఖాస్తు ప్రతి తీసి పక్కన పెట్టుకుని రెండూ కలిపి చూశాడు.

"బొల్లావు, బజారువీధి. కొమ్ము విరిగిన ఎర్రావు, కోట వెనక. నల్లపెయ్య, మునెమ్మ పెరడు..." కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూశాడు. "ఏమండీ, మీరు సాయం అడుగుతున్నది ఆసుపత్రికా, బందెలదొడ్డికా?"

"సార్, మీరు రిజిస్టరు నకలు పంపమని రాసినారు," అన్నాడు అయ్యవారు. "నకలంటే మక్కీకి మక్కీ ఉండల్ల. అక్షరం మార్చినోనికి నలభై ఏండ్లు నేను బెంచీ ఎక్కించినా. ఇప్పుడు నేనే మారుస్తే యెట్ల?"

ఇదీ జరిగిన పొరపాటు. దయామణి పోయిన నెలలోనే మొత్తుకుంది, ఇది మనకోసం రాసుకున్న పుస్తకం, మద్రాసువాళ్ళకు అర్థం కాదు, ఒక ఉత్తరం కూడా జతచేద్దాం అని. అడిగినదానికే జవాబు రాయాలి, అడగనిది రాస్తే మార్కులు పోతాయన్నాడు అయ్యవారు. ఇంగ్లీషులో మూడు ప్రతులు కావాలంటే, కుప్పంలో చేవ్రాతకు బహుమానం తెచ్చుకున్న ఒక పిల్ల ఉందని చెప్పి దయామణే పుస్తకాన్ని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. పదిహేనేళ్ళ ఆ పిల్ల పేరు ప్రేమకుమారి. ఉన్నది ఉన్నట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఆలస్యం కాకూడదని ప్రతులను తానే కుప్పం నుంచి నేరుగా మద్రాసుకు పోస్టు చేసి, పుస్తకాన్ని నిన్నటి బస్సులో తిప్పి పంపింది.

"ఇక్కడ నాలుగు ఆవులకు ఎదురుగా 'ఒట్టిపోయింది' అని ఉంది," అన్నాడు ప్రసాదరావు.

"ఆ నలుగురూ సచ్చిపోయినారు సార్," అంది దయామణి.

ప్రసాదరావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

దయామణి తానే చెప్పింది. "ఈ ఊరు పాల మీద బతుకుతాంది సార్. ఒక ఇంట్లో ఈ జబ్బు ఉండాదని తెలిస్తే ఆ ఇంటి పాలు ఎవురూ కొనరు. పాలు పోతే ఆవు పోతాది, ఆవు పోతే ఇల్లు పోతాది. మొదట్లో ఒక్కరు గూడా నన్ను గడప తొక్కనీలేదు. మీ పేరు నా నోట్లో రాదు, నా రాతలో రాదు అని మాటిచ్చినా. రోగి చెయ్యి పొదుగు మీద పడకూడదని, గిన్నె వేరే, గుడ్డ వేరే అని వాళ్ళ కాడ ఒట్టు పెట్టించుకున్నా. పుస్తకం ఎవురన్నా తెరిచి సూసినా ఆవుల లెక్క అనుకోవల్ల. అందుకే ఇట్ల రాసినా. వాళ్ళూ మాట తప్పలేదు, నేనూ తప్పలేదు."

ఆమె చెప్పనిది ఇంకొకటి ఉంది. వీధిలో నేను ఎదురైతే పలకరించొద్దు, నర్సు పలకరించిన ఇంటివైపు నలుగురూ చూస్తారు అని కూడా ఆ రోజుల్లో ఆమే చెప్పింది. మాట మీద నిలబడటంలో పుంగనూరు వాళ్ళను మించినవాళ్ళు లేరు. ఆరేళ్ళలో ముప్పై ఒక్క ఇళ్ళు ఆమె చేతి మందు తిన్నాయి. సంతలో, చర్చి దారిలో, బస్సు దగ్గర, ఆ ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళూ ఆమెను చూడగానే తల తిప్పుకుంటారు. ఆమె పెట్టిన నియమమే అది. అయినా సంత నుంచి ఒంటరిగా నడిచివచ్చే సాయంకాలాల్లో ఒక్కరైనా మరిచిపోయి "ఏమమ్మా, బాగుండావా?" అంటే బాగుండునని ఆమెకు అనిపించేది. ఒక్కరూ మరిచిపోలేదు.

ప్రసాదరావు రిజిస్టరు మూసి దయామణి ముందుకు జరిపాడు. అలవాటుగా ఆమె వేళ్ళు పేజీల మధ్యకు పోయాయి. అక్కడ ఉండవలసిన గుర్తుచీటీ లేదు. దయామణి ఇంకో నాలుగు పేజీలు తిప్పి చూసింది. అది మామూలు చీటీ కాదు. పద్నాలుగేళ్ళ కింద మదనపల్లె శానటోరియం నుంచి జబ్బు నయమై బయటికి వచ్చిన రోజు ఆమెకు ఇచ్చిన కార్డు. ఆమె కూడా ఒకప్పటి రోగేనని పుంగనూరులో నరమానవుడికి తెలియదు. పుస్తకం కుప్పం పోయి రావడంలో బస్సులో ఎక్కడో జారిపోయి ఉంటుందని మనసుకు సర్దిచెప్పుకుంది.

"అమ్మా, మీరు చెప్పేది అబద్ధమని నేననడం లేదు," అన్నాడు ప్రసాదరావు. "కానీ పోయిన ఏడు ఒక ఊళ్ళో లేని రోగుల పేర్లు రాసి సాయం తీసుకున్నారు. మేం వెళ్ళి చూస్తే ఆసుపత్రి ఉండాల్సిన చోట వేరుశనగ గోదాము ఉంది. అప్పట్నుంచీ మాకొక నియమం. నయమైనవాళ్ళలో ఒక్కరు, ఒకే ఒక్కరు, తన పేరు తానే చెప్పి సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఆ పేరు నిధి వారి రిపోర్టులో అచ్చవుతుంది. రిపోర్టు ప్రతి తాలూకా ఆఫీసుకూ, ప్రతి చర్చికీ పోతుంది."

"ఒక్క పేరేనా?" అన్నాడు అయ్యవారు ఉత్సాహంగా. "పందొమ్మిదిమందికి నయమైండాది గదా!"

"ఒక్కటే. ఐదు గంటల బస్సుకు నేను మదనపల్లె వెళ్ళిపోతాను. అంతవరకూ ఇక్కడే ఉంటాను."

దయామణి గొడుగు తీసుకుని లేచింది. ఒక పేరు ఉందని ఆమెకు అప్పుడే తెలుసు. ఆ పేరు తప్ప ఇంకేదైనా దొరక్కపోతుందా అని బయలుదేరింది. ఈ మాట దాచడం ఎందుకు, ఆమె వెళ్ళింది ఊరికోసం కాదు, తనను తాను కాపాడుకోవడానికి.

మొదట బొల్లావు ఇల్లు. అంటే రెడ్డెప్ప ఇల్లు. నాలుగేళ్ళ కింద నెత్తురు కక్కుకుని పడిపోయినవాడు, ఇప్పుడు రెండు బిందెలు భుజాన పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. పెరటి తలుపు తీసి, ఆమెను చూసి, చప్పున లోపలికి లాగి తలుపు వేశాడు. సంగతి విని తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మా, ఈ పానం నువ్విచ్చిందే. కాదనను. ఇల్లు అడుగు, రాసిస్తా. ఆవును అడుగు, ఇప్పుడే తోలుకుపో. పేరు మాత్రం అడగొద్దమ్మా. తెల్లారితే ముప్పై ఇండ్లకు పాలు పోస్తాండాను. ఒక్కరి చెవిలో పడిందంటే సాయంత్రానికి నా పాలు కాలవలో పోసుకోవల్ల."

"వద్దులే రెడ్డెప్పా. అడగాలని అడిగినా."

"నా మీద కోపం పెట్టుకోవాకమ్మా."

"కోపం యాల? నేను సెప్పిన మాటే గదా నువ్వు నిలబెట్టుకుంటాండావు."

ఆమె బయటికి రాగానే లోపల గొళ్ళెం పడింది. చప్పుడు కాకుండా వేద్దామనే ప్రయత్నించాడు, కానీ పాత గొళ్ళెం.

కొమ్ము విరిగిన ఎర్రావు ఇంట్లో వెంకటలక్ష్మమ్మ తలుపే తీయలేదు. గోడకు అవతల నిలబడి గుసగుసగా చెప్పింది. "నీ కాళ్ళు మొక్కుతానమ్మా, ఈపొద్దు కాదు. మా వియ్యంకులు వచ్చుండారు. నువ్వొచ్చినట్టు తెలిస్తే యేమనుకుంటారో! పో తల్లీ, పో." ఆ గొంతులో విసుగు లేదు, భయం ఉంది. రెండు శీతాకాలాలు దయామణి ఆ ఇంటి వెనక కొట్టంలో కూర్చుని ఆమెకు జావ తాగించింది.

ఇంకో ఐదిళ్ళు తిరిగింది. ఒకచోట ఏడ్చారు, ఒకచోట కోడిగుడ్లు ఇవ్వబోయారు, ఒకచోట అరుగు మీద ఉన్న మనిషి ఆమెను చూడగానే లోపలికి పోయి మళ్ళీ రాలేదు. మూడు గంటలయ్యేసరికి సన్నగా వాన పట్టుకుంది.

ఆఖరికి మునెమ్మ పెరడు. అక్కడ ఎవరి పేరూ అడగడానికి లేదు. ఆ ఇంటి నల్లపెయ్యకు, అంటే మునెమ్మ కోడలు పార్వతమ్మకు, ఇంకా నయం కాలేదు. అయినా కాళ్ళు అటే పోయాయి. పందొమ్మిదేళ్ళ పిల్ల. కొట్టం కప్పు కారుతోంది. మునెమ్మ చాపను ఈ మూల నుంచి ఆ మూలకు లాగుతోంది. దూడను తీసుకుపోయి ఇంట్లో కట్టేశారు. వానకు తడిస్తే దూడకు పారుడు పడుతుందని.

"మద్రాసాయన వచ్చినాడంట గదక్కా?" అంది పార్వతమ్మ. మాట మాటకూ ఆయాసం. "మంచం యెప్పుడిస్తాడంట?"

దయామణి దుప్పటి సరిచేసింది. "ఒక పేరు కావల్లంట పార్వతీ. నయమైనోళ్ళ పేరు. ఎవురూ ఇయ్యలేకుండారు."

పార్వతమ్మ చాలాసేపు కప్పు వైపు చూసింది. "నేను బతికితే నా పేరు రాసుకోక్కా," అంది. "నాకేం భయం లేదు. బతికితే గదా, పేరు పోయేది."

"నోరు మూసుకో," అంది మునెమ్మ, ఏడుస్తూ.

దయామణి కొట్టం బయటికి వచ్చి చూరు కింద నిలబడింది. ఇక వెళ్ళడానికి ఇల్లు లేదు. తన పేరు ఒక్కటే మిగిలింది.

ఆ పేరు ఇవ్వడానికి ఆమెకు అడ్డం వచ్చింది ఆవు కాదు, పాడి కాదు. కుప్పంలో ఉన్న ప్రేమకుమారి. ఆ పిల్ల దయామణి కడుపున పుట్టిన బిడ్డ. ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడు దయామణికి జబ్బు బయటపడి శానటోరియంలో చేరింది. ఆ ఏడే ఆమె భర్త దేవసహాయం విషజ్వరంతో పోయాడు. ఆయన చెల్లెలు విమలమ్మ పిల్లను తీసుకుపోయి సాకింది. నయమై తిరిగివచ్చిన దయామణికి విమలమ్మ భర్త ఒక షరతు పెట్టాడు. ఈ జబ్బు మాట ఎక్కడా బయటికి రాకూడదు. పిల్లకు తల్లివని చెప్పకూడదు. ఆ రెండు మాటలూ నిలుపుకుంటే ఏడాదికొకసారి, క్రిస్మసునాడు, తెలిసిన నర్సుగా వచ్చి చూసి పోవచ్చు. జబ్బు మనిషి కదా, మళ్ళీ తిరగబెడితే బిడ్డకు అంటుతుందేమోనని దయామణి కూడా భయపడింది. ఒప్పుకుంది.

పద్నాలుగు క్రిస్మసులు. పద్నాలుగు దినాలు. వసారాలో కుర్చీ వేస్తారు. పిల్ల పళ్ళెంలో కజ్జికాయలు తెచ్చి "తినండి నర్సత్తా" అంటుంది. తన ఇంగ్లీషు చేవ్రాత చూపిస్తుంది. సాయంకాలం బస్సులో దయామణి తిరిగివస్తూ ఆ పిల్ల మాట్లాడిన మాటలన్నీ వరుసగా గుర్తు తెచ్చుకునేది, ఏడాదంతా సరిపోవాలి గనక. రిజిస్టరు నకళ్ళ పని కుప్పమే పంపడానికి కారణం కూడా అదే. ఆ పిల్ల చేతి రాత మూడు ప్రతులు తన కళ్ళముందుకు వస్తాయని ఆశపడింది, అవి నేరుగా మద్రాసు పోయాయి.

రిపోర్టులో పేరు అచ్చయితే కుప్పం చర్చిలో కూడా చదువుతారు. ఆ ఒక్క దినం కూడా పోతుంది. వచ్చే క్రిస్మసుకు ఇంకా నెలా పది రోజులుంది.

కొట్టంలో దగ్గు మొదలైంది. అంత తేలిగ్గా ఆగే దగ్గు కాదు. మునెమ్మ "యేసయ్యో, రాముడో, ఎవురో ఒకరు" అని గొణుగుతూ వీపు రాస్తోంది. దయామణి గొడుగు తెరిచి బజారువీధిలోనే, నలుగురూ చూస్తుండగానే, నడిచింది.

వసారాలో ప్రసాదరావు సంచి సర్దుకుంటున్నాడు. అయ్యవారు దిగులుగా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. దయామణి గొడుగు మడిచి మూలన పెట్టింది.

"రాసుకోండి సార్," అంది.

ప్రసాదరావు కలం తీశాడు. "చెప్పండి. ఎవరు?"

"దయామణి. భర్త పేరు దేవసహాయం. జబ్బు వచ్చింది ముప్పై ఒకటిలో. నయమైంది ముప్పై రెండు నవంబరులో. ఎడమ ఊపిరితిత్తికి విశ్రాంతి ఇయ్యను సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించినారు. ఇప్పటికి పద్నాలుగేండ్లు. మళ్ళీ రాలేదు."

అయ్యవారు ఆమెను చూశాడు. మధ్యాహ్నం ఆమె కలిపి పెట్టిపోయిన మజ్జిగే మళ్ళీ ఒక గ్లాసు ఆయన చేతిలో ఉంది. దాన్ని గబుక్కున బెంచీ మీద పెట్టేశాడు. పెట్టాక, తాను చేసింది తనకే తెలిసివచ్చి, ముసలాయన ముఖం కందిపోయింది. ఆరేళ్ళుగా ఆమె చేతి నీళ్ళు తాగుతున్న మనిషి. మళ్ళీ గ్లాసు ఎత్తి చివరి గుక్క దాకా తాగాడు. మీసాలు తుడుచుకుని, "నీ ఆవు యేదమ్మా?" అన్నాడు, ఏం అడగాలో తోచక.

"నాకు ఆవు లేదు అయ్యవారూ."

అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషికి ఆ మాట అనగానే ఏడుపొచ్చింది. తుడుచుకుని సంతకం పెట్టింది. దయామణి అన్న నాలుగు అక్షరాలు రాయడానికి అంత బలం కావాలని ఆమెకు ఇదివరకు తెలియదు.

ప్రసాదరావు సంతకం మీద అద్దుడుకాగితం అద్దాడు. దరఖాస్తు మీద 'విచారణ ముగిసింది, పాకకు సిఫారసు చేస్తున్నాను' అని రాసి, తేదీ వేశాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నారు ఇద్దరూ. ఆయన లేవలేదు. సంచి అడుగునుంచి ఇంకొక కాగితాల కట్ట తీశాడు.

"మీరు మాకు మూడు ప్రతులు పంపారు. మొదటి రెండింట్లో ముప్పై ఒక్క వరుసలున్నాయి. మూడోదాంట్లో ముప్పై రెండు."

ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. కింద గుండుసూదితో గుచ్చి ఒక పాత కార్డు. శానటోరియం కార్డు. అంచులు మాసిపోయి, మధ్యలో మడత పడి, ఆమె చేతికి పద్నాలుగేళ్ళుగా తెలిసిన కార్డు. అందులో బిడ్డ గురించిన వరుసలో 'ఆడపిల్ల, ఆరు నెలలు, కుప్పంలో భర్త చెల్లెలి దగ్గర' అని ఆనాటి గుమాస్తా రాసిన సంగతి దయామణికి ఇప్పుడు గుర్తొచ్చింది.

పైన, ముప్పై రెండో వరుసలో, ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆవు పేరు లేదు. దయామణి అని ఉంది. పక్కన కొత్తగా గీసిన గడుల్లో, ఈ సంగతి ఎరిగినవారు అన్నచోట ప్రేమకుమారి అని ఉంది. బంధుత్వం అన్నచోట ఒకే ఒక్క మాట. డాటర్. ఆసుపత్రి కాగితాల్లో ఆ మాటను ఆమె వందలసార్లు చూసింది. తన పేరు పక్కన ఎన్నడూ చూడలేదు. దాని మీద వేలు పెట్టి, తీయడం మరిచిపోయింది.

"మరి పొద్దున్నే సెప్పొచ్చు గదా సార్!" అన్నాడు అయ్యవారు. "ఆయమ్మను వానలో ఊరంతా తిప్పితిరే!"

"ఒకరి జబ్బు సంగతి ఇంకొకరు రాసిస్తే చెల్లదండీ. ఆమె నోటితో రావాలి. నేను చూపించి అడిగితే బలవంతంగా చెప్పించినట్టవుతుంది." ప్రసాదరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి కూడా అదే మాట అంది."

దయామణి తలెత్తింది. "మీరు బిడ్డను సూసినారా?"

"పొద్దున కుప్పంలో నాతోపాటే బస్సెక్కింది. పచ్చ పావడా, రెండు జడలు. ప్రతులు అక్కణ్ణుంచే వచ్చాయని కుప్పానికి కూడా మేమొక కార్డు వేశాం, అందులో రోజు చూసి, నిధి ఉద్యోగి మీరేనా అని తానే వచ్చి అడిగింది. పలమనేరు దాకా మాట్లాడుతూనే ఉంది. అక్కడ దిగిపోయింది. 'ఆమె తనంతట తాను చెప్పకముందే నేను పోయి ఎదురుగా నిలబడితే బాగుండదు. మాకు తెలిసిన టీచరమ్మ ఇంట్లో ఉండి సాయంకాలం బస్సులో వస్తాను' అంది. ఐదు గంటల బస్సు అదేగా."

దయామణికి ఏం చేయాలో తెలియలేదు. జుట్టు సవరించుకుంది. తడిసిన చీర కొంగు పిండుకుంది. ఇంట్లో పిల్లకు పెట్టడానికి ఏమున్నాయో తలచుకుంటే రెండు రాగిముద్దలు, కొంచెం చింతపండు చారు తప్ప ఏమీ లేవు. "అయ్యవారూ, మీ ఇంట్లో బెల్లం ఉండాదా?" అంది. ఆరేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఏదైనా అడగడం అదే మొదటిసారి.

బస్సు ఐదూ ఇరవైకి వచ్చింది. ముగ్గురూ బస్సు ఆగేచోటికి వెళ్ళారు. అంగడి ముందు పాలబిందెలతో రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. నర్సు సంతకం పెట్టిన సంగతి అప్పటికే ఊరికి తెలిసిపోయినట్టుంది. నలుగురు నిలబడి చూస్తున్నారు. దయామణిని చూసి రెడ్డెప్ప తల తిప్పుకోబోయి, తిప్పుకోలేక, "బాగుండావా అమ్మా?" అన్నాడు అందరూ వినేలా. దయామణి తల ఊపింది. ఇంకొకరోజైతే ఆ మాటకు ఆమె ఏడ్చేసేది. ఇప్పుడు ఆమె కళ్ళు బస్సు మెట్ల మీదే ఉన్నాయి.

వేరుశనగ మూటతో ఒక రైతు దిగాడు. ముసలి దంపతులు దిగారు. ఆ తర్వాత చెప్పులు లేకుండా, కొంగు భుజం మీద నిలవకుండా విమలమ్మ దిగింది. ఆమె వెనక ఎవరూ లేరు. దయామణి ఆమెను దాటి బస్సు లోపలికి తొంగిచూసింది. బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి.

పద్నాలుగేళ్ళుగా విమలమ్మ ఆమెను "నర్సమ్మా" అని తప్ప ఇంకో పిలుపుతో పిలవలేదు. ఇప్పుడు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా! నా తప్పేమన్నా ఉంటే తర్వాత కొట్టు, ముందు బిడ్డను పిలువు. నీ కాడికే పోతాండానని పొద్దున చీటీ రాసిపెట్టి వచ్చేసింది. మధ్యలో పలమనేరులో టీచరమ్మ ఇంట్లో గూడా అడిగినా, ఆడికి రానే రాలేదంట. నీ కాడే ఉండాది గదా? సెప్పు వదినా, బిడ్డ యాడ?"